ఎన్‌ఐసీ ఉచిత ఈ-ఇన్‌వాయిస్ టూల్: ఎనుమాముల మిర్చి దుకాణానికి, జమ్మికుంట పత్తి మిల్లుకు ఎంతవరకు పనికొస్తుంది?

జీఎస్టీ బిల్లును ప్రభుత్వ పోర్టల్‌కు పంపి, ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య, క్యూఆర్ తెచ్చుకోవడమే ఈ-ఇన్‌వాయిస్. దీనికి, రోజుకు ఇరవై, ముప్పై బిల్లులు కొట్టే దుకాణానికి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఉచిత ఎక్సెల్ టూల్ చాలు. వేరే సాఫ్ట్‌వేర్ కొనే పని లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. టర్నోవర్ ఐదు కోట్లకు చేరువవుతోందని తెలియగానే వ్యాపారికి మొదట వినిపించేది పెనాల్టీ మాట, ఆ వెంటే ప్యాకేజీ మాట. పెనాల్టీ నిజమే. ప్యాకేజీ కొంటే తప్ప పని నడవదన్నది మాత్రం నిజం కాదు. అలాగని ఈ టూల్ అందరికీ సరిపోతుందని కాదు, కొన్నిచోట్ల బాగా మొరాయిస్తుంది కూడా.

ముందు ఈ-ఇన్‌వాయిస్ ఎవరికి తప్పనిసరో చూద్దాం. 2020 అక్టోబర్ 1న 500 కోట్లు దాటినవాళ్లతో మొదలైన ఈ నిబంధన మెట్టు మెట్టుగా దిగి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకు వచ్చింది. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో దాటినా లెక్కే. ఆ తర్వాత వ్యాపారం తగ్గిందంటే ఒప్పుకోరు. ఈ ఏడాది మొదటిసారి దాటితే వచ్చే ఏప్రిల్ 1 నుంచి మొదలుపెట్టాలి. టర్నోవర్ అంటే ఒకే పాన్ మీద దేశమంతటా చేసిన అమ్మకాలు. పన్ను పడని సరుకు, ఎగుమతి కూడా అందులోకే వస్తాయి. రైస్‌మిల్లులవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. పన్ను పడని బియ్యం 8 కోట్లకు అమ్మి, పాత గోనె సంచులు ఓ నాలుగు లక్షలకు ఇంకో డీలర్‌కు అమ్మితే, ఆ సంచుల బిల్లుకు ఈ-ఇన్‌వాయిస్ తీయాల్సిందే. బియ్యానికి మాత్రం బిల్ ఆఫ్ సప్లై (పన్ను పడని సరుకుకు ఇచ్చే బిల్లు) సరిపోతుంది. జీఎస్టీ నంబర్ లేని మామూలు గిరాకీకి కొట్టే బిల్లుకు ఇది అవసరం లేదు. అడ్తిదారు తన పేరు మీద మిర్చి బిల్లు కొడితే కమీషన్ ఒక్కటే కాదు, సరుకు విలువంతా అతని టర్నోవరే.

తీయకపోతే 48(5) నిబంధన ప్రకారం ఆ కాగితం ఇన్‌వాయిస్ కిందికే రాదు. కొన్నవాళ్లకు ఇన్‌పుట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకోవడం) చిక్కులో పడుతుంది. అందుకే పెనాల్టీ నోటీసు కంటే ముందు పెద్ద పార్టీ మీ డబ్బు ఆపేస్తుంది. ఈ దెబ్బే ఎక్కువ నొప్పి.

టూల్ సంగతి. పోర్టల్‌లో సహాయం విభాగం కింద రెండు రకాలు ఉంటాయి. ఒకటి బల్క్ జనరేషన్ టూల్, అంటే చాలా బిల్లులను ఒకే ఎక్సెల్‌లో నింపి పంపేది. రెండోది జెప్. ఇందులో పార్టీల జాబితా, సరుకుల జాబితా దాచుకోవచ్చు, బిల్లు ప్రింటు కూడా తీసుకోవచ్చు. చిన్న దుకాణానికి మా ఓటు జెప్‌కే. ఇప్పటికే టాలీలోనో ఇంకో లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనో బిల్లు కొట్టి, ఐఆర్‌ఎన్ కోసమే పోర్టల్‌కు వెళ్లేవాళ్లకు బల్క్ టూల్ మేలు.

ఈ-వే బిల్ (సరుకు రవాణాకు తీసే పత్రం) పోర్టల్‌లో ఇప్పటికే ఖాతా ఉంటే అదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇక్కడా నడుస్తాయి. పోర్టల్ మిమ్మల్ని 'ఎనేబుల్' చేయలేదని చూపిస్తే, రిజిస్ట్రేషన్ మెనూలో మీరే ఎనేబుల్ చేసుకోవచ్చు. ఎనేబుల్ కాలేదు కాబట్టి మాకు వర్తించదు అనుకోవద్దు, బాధ్యత టర్నోవర్‌ను బట్టి వస్తుంది. టూల్ డౌన్‌లోడ్ చేశాక ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' టిక్ పెట్టి, తెరిచాక మాక్రోలకు అనుమతి ఇవ్వాలి. బటన్ నొక్కితే ఏమీ కదలడం లేదంటే చాలావరకు కారణం ఇదే. విండోస్, అసలైన ఎక్సెల్ ఉండాలి. గూగుల్ షీట్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో దీనితో కుస్తీ పట్టొద్దు.

ఆ తర్వాత పని వరస ఇది: ప్రొఫైల్ షీట్‌లో మీ వివరాలు, ఇన్‌వాయిస్ షీట్‌లో బిల్లులు నింపడం, 'వాలిడేట్' నొక్కడం, ఎర్ర గడులు సరిచేయడం, పోర్టల్ చదివే జేసన్ ఫైల్ తయారుచేయడం, దాన్ని పోర్టల్‌లో అప్‌లోడ్ చేయడం, ఐఆర్‌ఎన్, క్యూఆర్ ఉన్న జవాబు ఫైల్ దించుకోవడం. ఐఆర్‌ఎన్ 64 అక్షరాల సంఖ్య. మీ జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్, బిల్లు రకం, ఆర్థిక సంవత్సరం ఈ నాలుగింటితోనే అది పుడుతుంది. అందుకే ఒక నంబర్‌తో ఒక్కసారే తీయగలరు. రెండోసారి పంపితే 2150 లోపం వస్తుంది.

ఇక్కడ మన సరుకుకు ప్రత్యేకంగా వచ్చే తిప్పలు చెప్పాలి. టూల్ మీద వచ్చే కోపంలో సగం నిజానికి ఎక్సెల్ మీద రావాల్సింది. ఎండుమిర్చి హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు కోడ్) 090421, పొడి చేస్తే 090422. నిజామాబాద్ పసుపు 091030. మూడూ సున్నాతో మొదలవుతాయి. వేరే షీట్‌లోంచి కాపీ కొట్టి అతికించగానే ఎక్సెల్ ఆ సున్నా మింగేసి 90421 చేస్తుంది, పోర్టల్ 2176 అని తిప్పి కొడుతుంది. హెచ్‌ఎస్‌ఎన్, బిల్లు నంబర్ గడులను నింపకముందే 'టెక్స్ట్' ఫార్మాట్‌లోకి మార్చండి, అతికించేటప్పుడు 'వ్యాల్యూస్' మాత్రమే అతికించండి. 5 కోట్లు దాటినవాళ్లకు ఆరంకెల హెచ్‌ఎస్‌ఎన్ తప్పనిసరి, నాలుగంకెలతో సరిపెట్టే అలవాటు మానాలి. బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు; సున్నా, ఏటవాలు గీత (/), డ్యాష్ (-)లతో మొదలు కాకూడదు. 2025 జూన్ 1 నుంచి చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా కూడా చూడడం లేదు.

పత్తి మిల్లులవాళ్లకు ఇంకో ముడి ఉంది. దూది బేరం క్యాండీ లెక్కన జరుగుతుంది, అంటే 356 కిలోలు. పోర్టల్ కొలతల జాబితాలో క్యాండీ లేదు. బేలు, క్వింటాల్, కిలో ఉన్నాయి. ధరకు మూడు దశాంశాల వరకే చోటు. వంద బేళ్లు, ఒక్కోటి 170 కిలోలు, మొత్తం 17,000 కిలోలు అనుకోండి. క్యాండీ 55,000 రూపాయల చొప్పున 26,26,404.49 వస్తుంది. కిలోకు మార్చి 154.494 పెడితే 26,26,398 వస్తుంది. ఆరున్నర రూపాయల తేడా. చిన్నదే, కానీ పన్ను, మొత్తం గడుల్లో పోర్టల్ రూపాయి తేడాకు మించి ఊరుకోదు. పైగా పుస్తకంలో ఒకటి, పోర్టల్‌లో ఒకటి ఉంటే ఏడాది చివర్లో పార్టీ ఖాతా కుదరదు. దీనికి మందు ఒకటే: అసలు బిల్లే కిలో ధరతో కొట్టి, క్యాండీ ధరను సరుకు వివరణలో రాయడం. కొనేవాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి. తేడాను రౌండాఫ్ గడిలో తోసేయడం కొందరి అలవాటు, అది సరుకు విలువను సరిచేయదు.

అంతకన్నా పెద్ద పొరపాటు, బిల్లు ఒకరికి, సరుకు ఇంకొకరికి పోయే బేరాల్లో జరుగుతుంది. హైదరాబాద్ వ్యాపారి పేరు మీద బిల్లు, బేళ్లు నేరుగా తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుకు. లారీ రాష్ట్రం దాటుతోంది కదా అని గుమాస్తా ఐజీఎస్టీ వేస్తాడు. తప్పు. మీరు బిల్లు కొట్టింది తెలంగాణవాళ్లకు, కాబట్టి సప్లై జరిగిన చోటు 36 (తెలంగాణ కోడ్), పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పోర్టల్ 2172 ఇచ్చి ఆపిందంటే మీ అదృష్టం. సప్లై చోటు కూడా తప్పుగా 33 (తమిళనాడు కోడ్) అని వేస్తే లోపం రాకుండా దాటిపోవచ్చు, తలనొప్పి రిటర్న్ వేసేటప్పుడు తెలుస్తుంది. టూల్‌లో 'బిల్ టు - షిప్ టు' రకం ఎంచి, షిప్ టు గడుల్లో మిల్లు చిరునామా నింపాలి.

పిన్ కోడ్ రాష్ట్రంతో కలవకపోతే 3039 వస్తుంది. భద్రాచలం చుట్టూ ఉన్నవాళ్లు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు లాంటి మండలాలకు పిన్ 507తోనే మొదలవుతుంది, జీఎస్టీ నంబర్ మాత్రం 37తో. అలాంటి పార్టీకి మొదటి బిల్లు లారీ లోడయ్యాక కాదు, ముందురోజే చేసి చూడండి. కొత్తగా రిజిస్ట్రేషన్ తీసుకున్న డీలర్ నంబర్‌కు 3028 వస్తే నంబర్ తప్పని అనుకోవద్దు. పోర్టల్‌లో ఆ నంబర్ వెతికి, జీఎస్టీ కామన్ పోర్టల్ నుంచి అప్‌డేట్ చేసే బటన్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. 3029 వస్తే మాత్రం ఆ రిజిస్ట్రేషన్ నడుస్తున్న స్థితిలో లేదని అర్థం. సరుకు పంపేముందు పార్టీతో మాట్లాడాలి.

ప్రింటు విషయంలో మన దుకాణాలకు ఒక సలహా. చాలాచోట్ల ఇంకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లే. డిజిటల్ సంతకంతో వచ్చే క్యూఆర్ చాలా చిక్కగా ఉంటుంది. సూదుల ప్రింటర్ మీద చుక్కలు కలిసిపోయి ఫోన్‌కు అందదు. లేజర్ ప్రింటర్ మీద రెండంగుళాల చదరంగా తీయండి. కార్బన్ కాపీ కావాలంటే రెండు కాపీలు విడిగా ప్రింటు కొట్టుకోవడమే. లారీ కదలకముందు ఒకసారి జీఎస్టీ క్యూఆర్ వెరిఫై యాప్‌తో చదివి చూస్తే దారిలో తనిఖీ దగ్గర గొడవ ఉండదు.

రద్దు చేయడానికి 24 గంటలే గడువు. ఈ-వే బిల్ నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి, తర్వాతే ఐఆర్‌ఎన్. రద్దయిన నంబర్ మళ్లీ వాడలేరు. ఈ పోర్టల్‌లో సవరణ అన్నదే లేదు. కాంటా దగ్గర తూకం తేడా వచ్చి గడువు దాటిపోతే క్రెడిట్ నోట్ రాయాలి, దానికీ ఐఆర్‌ఎన్ తీయాలి. 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉంటే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ తర్వాత 30 రోజుల్లోపే పంపాలి, 31వ రోజు పోర్టల్ తీసుకోదు. నెలాఖరుకు అన్నీ కలిపి చేద్దాం అనుకునే ఆఫీసులు ఈ ఒక్క కారణంతోనైనా పద్ధతి మార్చుకోవాలి.

మాకు ఈ టూల్‌లో నచ్చనివి రెండు. ఒకటి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ మధ్య మనిషి కూర్చోవాలి. సీజన్‌లో గేటు దగ్గర నాలుగు లారీలు నిలబడి ఉంటే ఈ తిరుగుడు పనికిరాదు. అలాంటి మిల్లుకు, పొద్దంతా బిల్లులు కొట్టే ఎరువుల, సిమెంటు డిస్ట్రిబ్యూటర్‌కు టాలీలాగా బిల్లు సేవ్ చేయగానే ఐఆర్‌ఎన్ తెచ్చిపెట్టేది కొనడమే మంచిది. రెండు, జవాబు ఫైల్ దాచే బాధ్యత పూర్తిగా మీదే. లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, పోర్టల్ అన్నేళ్లు మీ కోసం దాచదు. నెలకో ఫోల్డర్ చేసి, ఇంకో డిస్క్‌లో కాపీ పెట్టండి.

2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ లాగిన్‌లో ఓటీపీ తప్పదు. ఓటీపీ సేటు ఫోన్‌కు పోయి, సేటు మార్కెట్‌లో ఉంటే పని ఆగుతుంది. గుమాస్తాకు సబ్ యూజర్ చేసి, అతని నంబర్ ఇవ్వండి. సిగ్నల్ సరిగా లేని మిల్లులో ఎన్‌ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్ పెట్టుకుంటే నెట్ లేకున్నా ఓటీపీ వస్తుంది, ఫోన్‌లో టైం సరిగ్గా ఉంటే చాలు.

కొత్తవాడ దర్రీలు, కరీంనగర్ గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకు ఒక మాట. ఎగుమతి బిల్లుకు కొనేవాళ్ల జీఎస్టీ గడిలో యూఆర్‌పీ (రిజిస్ట్రేషన్ లేని పార్టీ అని అర్థం), పిన్ 999999, రాష్ట్రం 96 వేయాలి. ఐఆర్‌ఎన్ ఉన్నంత మాత్రాన అది యూరప్‌లో ఈ-ఇన్‌వాయిస్ అయిపోదు. జర్మనీలో 2025 జనవరి 1 నుంచి అక్కడి వ్యాపారులు ఈ-ఇన్‌వాయిస్ అందుకునే ఏర్పాటు పెట్టుకోవాలి. పంపడం 8 లక్షల యూరోలు దాటినవాళ్లకు 2027 నుంచి, మిగతావాళ్లకు 2028 నుంచి. బెల్జియంలో 2026 జనవరి 1 నుంచి పెప్పోల్ అనే ఈ-బిల్లుల నెట్‌వర్క్ ద్వారా పంపాలి. ఇవన్నీ ఆ దేశాల్లో స్థిరపడిన వ్యాపారుల మధ్య బిల్లులకు. వరంగల్ నుంచి పంపే బిల్లుకు ఆ చట్టం లేదు. అయినా అక్కడి పార్టీ తన సౌకర్యం కోసం ఆ పద్ధతిలో ఫైల్ అడగవచ్చు. అది బేరంలో మాట్లాడుకునే విషయం, ఎన్‌ఐసీ టూల్ ఆ ఫైల్ ఇవ్వదు.