ఉమ్మనీరేనా? నైట్రజిన్ పేపరా, పీఏఎంజీ-1 స్ట్రిప్పా
నెలలు నిండకముందే బట్టలు తడిస్తే అది ఉమ్మనీరా, మూత్రమా, తెల్లబట్టా అన్నది చాలాసార్లు కంటితో తేలదు. నైట్రజిన్ పేపర్ చూసేది పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) ఒక్కటే: యోనిలో మామూలుగా 3.8-4.5, ఉమ్మనీటిలో 7.1-7.3, అందుకే అది తగిలితే పసుపు కాగితం నీలంగా మారుతుంది. చవక, క్షణాల్లో పని. కానీ రక్తం తగిలినా, వీర్యం ఉన్నా, కొన్ని ఇన్ఫెక్షన్లున్నా అదే నీలం, ఇక ఊరికే టెన్షన్.

పీఏఎంజీ-1 స్ట్రిప్ వెతికేది ఉమ్మనీటిలో దండిగా ఉండే, అదే పేరున్న ఒక ప్రోటీన్‌ని. స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) అక్కర్లేదు, స్వాబ్‌ని (శాంపిల్ తీసే పుల్ల) నిమిషం పాటు లోపల ఉంచి, సీసాలోని ద్రావణంలో తిప్పి, స్ట్రిప్ ముంచితే పది నిమిషాల్లోపు రెండు గీతలొస్తే పాజిటివ్. ఖరీదెక్కువే, అయినా అనుమానం తీరని కేసుల్లో నా ఓటు దీనికే. అలాగని ఒక్క గీతే వచ్చిందని ఇంటికి పంపేయడం తప్పు. ఇలాంటి టెస్టుల మీదే ఆధారపడొద్దని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కూడా.