మామిడిలో పండు ఈగకు ఏది మేలు: బుట్టా, కవరా, మందా?

తోతాపురి కాయ పైకి నున్నగా, నదురుగా ఉంటుంది. తీరా కోస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి. తొక్క మీద గుండుసూదితో గుచ్చినంత మచ్చ, దాన్నుంచి కారిన కాస్త జిగురు, ఆనవాలు అంతే. ఆడ ఈగ గుచ్చి గుడ్లు పెట్టిన చోటు అది. పురుగు లోపలికి చేరాక పైన ఏ మందు కొట్టినా దండగే.

బుట్టల సంగతి ముందు చూద్దాం. మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం, కొంచెం మలాథియాన్ అనే పురుగుమందు పట్టించిన చెక్కముక్కను ప్లాస్టిక్ డబ్బాలో వేలాడదీస్తారు. వాసనకు మగ ఈగలు వచ్చి మందు తగిలి చస్తాయి. షాపులో దీన్నీ లింగాకర్షక బుట్టే అంటారు గానీ ఇది ఆడ ఈగ వాసన కాదు, మొక్కల్లో దొరికే పదార్థం. తులసిలోనూ ఉంటుంది. కాకర, గుమ్మడి పందిళ్ల ఈగకు క్యూ లూర్ అనే ఎర వేరే, దాన్ని తెచ్చి మామిడికి కడితే లాభం లేదు.

బుట్ట నిండా ఈగలు పడితే సంబరమే. కానీ పడ్డవన్నీ మగవి. మిగిలిన ఒక్క మగ ఈగ కూడా చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. పక్క తోపులో జతకట్టి వచ్చిన ఆడ ఈగకైతే మన బుట్టతో పనే లేదు. అందుకే ఎకరాకు ఒకటో రెండో కట్టి ‘బుట్టలు పనిచేయవు’ అనడం న్యాయం కాదు. అవి ఈగ ఎప్పుడొచ్చింది, ఎంత వచ్చింది అని చెప్పడానికే. ఈగను అదుపు చేయాలంటే బుట్టలు ఎక్కువ కావాలి, కోతకు రెండు నెలల ముందే కట్టాలి, పక్క తోపుల వాళ్లూ కట్టాలి. ఈ చివరిదే కష్టం. గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతుల్ని బుట్టల కోసం కలపడం ఎవరి తరం?

కాపాడటంలో కవరును మించింది లేదు. నిమ్మకాయంత కాయ నుంచి కోడిగుడ్డంత కాయ లోపు కాగితం కవరు తొడిగితే ఈగ గుచ్చలేదు, మచ్చలూ ఉండవు. మరి లెక్క? 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు, అందులో గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. అరకిలో కాయకు వచ్చేది ఆరు రూపాయలు. అందులో కవరుకే రెండు మూడు పోతే, నిచ్చెన వేసి ఎత్తైన చెట్టెక్కే కూలీకి ఏం మిగులుతుంది? గుజ్జుకు పోయే కాయకు కవరు గిట్టదు. బంగినపల్లి, ఇమాం పసంద్ లాంటి తినే పండు, అదీ చేతికందే చెట్లయితే కళ్లు మూసుకుని తొడగొచ్చు.

మందు చవకగా కనిపిస్తుంది. కానీ ఈగ వచ్చేది కాయ ముదిరే వేళకే. అప్పుడు కొడితే కాయలో మందు అవశేషాలు మిగులుతాయన్న టెన్షన్. గుజ్జును ఎగుమతి చేసే ఫ్యాక్టరీ అలాంటి కాయను ఎందుకు తీసుకుంటుంది? బుట్టలో ఈగలు ఒక్కసారిగా పెరిగి, కోతకు ఇంకా గడువుంటేనే ఆ జోలికి పోవాలి. అదీ డబ్బా మీద రాసిన గడువు చూసుకునే.

తోతాపురి తోపుకు నేనైతే బుట్టలకే ఓటేస్తాను, ఒక షరతు మీద. రాలిన కాయల్ని ఏరి లోతుగా పూడ్చాలి. వాటిలోని పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశ (గూడులో ఉండే దశ) దాటి మళ్లీ ఈగై లేస్తుంది. చెట్ల కింద కాయలు కుళ్లనిచ్చి పైన ఎన్ని బుట్టలు కట్టినా ఎర డబ్బులు గంగపాలే.