స్కూల్ ఎగ్జిబిషన్‌కి ఏ ఫిరంగి? కోటదా, కొండదా?

హన్మకొండలో మా అక్క కొడుకుది ఇదే టెన్షన్: జగిత్యాల కోట ఫిరంగి చేయాలా, మ్యూజియంలలో కనిపించే పాత బ్రిటిష్ కొండ ఫిరంగి చేయాలా?

ఖర్చు: కోటదానికి అట్ట, నల్ల రంగు చాలు. కొండదానికి పీవీసీ పైపు, కప్లింగ్, చక్రాలు కొనాలి.

శ్రమ: మొదటిది ఒక్క సాయంత్రం. రెండోదానికి ఆదివారమంతా పోతుంది, పోనివ్వండి. 1879 నాటి ఆ రెండున్నర అంగుళాల ఫిరంగి గొట్టం రెండు ముక్కలు, ఒక్కోటి సుమారు 90 కిలోలు. కంచర గాడిదల మీద కొండెక్కించి, పైన మర తిప్పి బిగించేవారు. మావాడు కప్లింగ్ బిగిస్తూ, "ఓహ్, ఇట్లనా మామా!" అన్నాడు.

రిస్క్: అట్ట తడిస్తే మెత్తబడుతుంది. పైపుది విప్పి సంచిలో వేసుకుపోవచ్చు.

రెండు రోజులే టైముంటే, లేదా పిల్లలు జగిత్యాల కోట చూసొచ్చి ఉంటే కోట ఫిరంగి. పనిచేసే తీరు విప్పి చూపించాలంటే కొండ ఫిరంగే.