కాంతి చికిత్స దీపం: ఎడిన్‌బరోకు అవసరమే, అనంతపురానికి కాదు

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో చదువుకుంటున్న మా అమ్మాయి, చలికాలపు డిప్రెషన్‌కు అక్కడి వైద్యుల సలహాతో వాడుతున్న కాంతి చికిత్స దీపాన్ని డిసెంబరు సెలవులకు అనంతపురం తెచ్చుకుంది. చల్లటి దేశాలకు పిల్లల్ని పంపినవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు గనుక ఈ వస్తువు గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ జబ్బును 1984లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో నార్మన్ రోసెంతాల్ బృందం గుర్తించి వివరించింది. శరదృతువులో మొదలై వసంతం వచ్చేసరికి తగ్గుముఖం పట్టే ఈ కుంగుబాటులో సాధారణంగా నిద్ర కరవవదు. ఎంత పడుకున్నా మత్తు వదలదు, మనసు అన్నం, తీపి పదార్థాల మీదకే పోతుంది, ఒళ్లు వస్తుంది. ఇంట్లో పెద్దలు దీన్ని బద్ధకం కింద జమకట్టేయడం మామూలే. పగటి వెలుగు తగ్గిపోవడమే దీనికి ముఖ్య కారణమని భావిస్తారు. డిసెంబరులో ఎడిన్‌బరో పగలు సుమారు 7 గంటలే. ఇక్కడ 11 గంటల పైమాటే.

దీపం విషయానికొస్తే, అది నోటుపుస్తకమంత తెల్లటి పలక. పెట్టె మీద 10,000 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) అని పెద్ద అక్షరాలతో వేసినవారు, ఆ వెలుగు జానెడు దూరంలోనే అందుతుందన్న సంగతిని మాత్రం వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలలో అచ్చువేశారు. ఫోన్‌లోని యాప్‌తో కొలిస్తే మూరెడు దూరానికే 3,000 లక్స్‌కు పడిపోయింది. 10,000 లక్స్‌కు అరగంట సరిపోతుంది గానీ 2,500 దగ్గర రెండు గంటలు కూర్చోవాలి, కాలేజీకి వెళ్లే పిల్లకు అది అయ్యే పని కాదు. కొనేవారు మూరెడు దూరంలోనూ 10,000 ఇచ్చే పెద్ద పలకను, అతినీలలోహిత కిరణాలు రానిదాన్ని ఎంచుకోవడం మంచిది.

నిద్ర లేవగానే దీపాన్ని కాస్త పక్కగా పెట్టుకుని, దానివైపు గుచ్చి చూడకుండా ఆమె పుస్తకం చదువుకుంటుంది. పొద్దుటిపూట లేవడం తేలికైందని అంటోంది. కౌన్సెలింగ్ కూడా సాగుతోంది కాబట్టి ఘనతంతా దీపానిదే అనలేను. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారిలో ఉన్మాద స్థితిని రేపే ప్రమాదం ఉంది, కంటి జబ్బులున్నవారూ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. అయిదింటికి మూడు నక్షత్రాలు ఇస్తాను. తగ్గించిన రెండూ ఆ చిన్న అక్షరాలకే.

అదే యాప్‌తో ఉదయం ఎనిమిదింటికి మా మిద్దె మీద ఎండవైపు కొలిస్తే 30,000 దాటింది; ట్యూబులైటు వెలుగుతున్న హాల్లో 300 కూడా రాలేదు. తలుపులు, కర్టెన్లు మూసుకుని ఇంట్లోనే పనిచేసేవారు సైతం ఇక్కడ డబ్బుపోసి దీపం కొనే బదులు పొద్దున్నే ఓ అరగంట మిద్దెక్కవచ్చు. అలా చేసినా దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే నెపాన్ని చలికాలం మీదకు నెట్టకుండా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.