ఇరవై ఏళ్లుగా డ్వాక్రా అప్పు వాడుతున్నాను

తెనాలి దగ్గర పల్లె మాది. జాకెట్లు కుడతాను. 2005లో డ్వాక్రా మహిళా పొదుపు సంఘంలో చేరాను. పది మందిమి, నెలకు తలా 50 రూపాయల పొదుపు. అప్పటిదాకా అప్పంటే నూటికి మూడు రూపాయల వడ్డీయే. బ్యాంకు మా సంఘానికి ఇచ్చిన అప్పులో నా వంతుగా వచ్చిన మొదటి 5 వేలతో పాత కుట్టుమిషన్ కొన్నాను. హామీ పెట్టడానికి నా పేరున సెంటు భూమి లేదు, బ్యాంకు అడగనూ లేదు. మా తీర్మానం, పొదుపు లెక్క చూసి ఇచ్చారు.

2010 మొదట్లో ఒక తప్పు చేశాను. పెళ్లిళ్ల సీజన్‌కు లైనింగ్ బట్ట టోకున కొనాలి. సంఘం అప్పు ఇంకా తీరలేదు కాబట్టి కొత్తది రాదు. ఒక ప్రైవేటు మైక్రో ఫైనాన్స్ వాళ్లు ఇంటికే వచ్చి నాలుగు రోజుల్లో 10 వేలు చేతిలో పెట్టారు. వారానికి 230 చొప్పున 50 వారాలు. మొత్తం 1,500 వడ్డీయే కదా అనుకున్నాను. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం పూర్తి పది వేల మీదే వేశారని తర్వాత తెలిసింది. అలా చూస్తే ఏడాదికి పాతిక శాతం పైమాటే. పైగా మా పనిలో డబ్బు ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢంలో మిషన్ ఖాళీ, మంగళవారం కిస్తీ మాత్రం ఆగదు. ఒక వారం కట్టలేకపోతే నాకు పూచీ ఉన్న నలుగురినీ మా వాకిట్లో పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు. వాళ్ల మొహం చూడలేక చెవికమ్మలు తాకట్టు పెట్టాను. ఆ అక్టోబరులో ప్రభుత్వం మైక్రో ఫైనాన్స్ వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చాకే మా వీధిలో ఇంటి ముందు వసూళ్లు ఆగాయి.

సంఘం అప్పుకు నెలవారీ కిస్తీ. సకాలంలో కడితే వడ్డీ రాయితీ. నూటికి నెలకు పావలా మాత్రమే మన మీద పడే పావలా వడ్డీ పథకం రోజుల్లో కూడా ముందు పూర్తి వడ్డీ మనమే కట్టాలి, రాయితీ తర్వాత పడుతుంది. 2014లో డ్వాక్రా అప్పులు మాఫీ అవుతాయన్న మాట నమ్మి మేం కట్టడం ఆపేశాం. బకాయి పేరుకుంది, రాయితీ పోయింది. కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఎవరైనా అలా చెబితే దయచేసి కిస్తీ ఆపకండి.

నాకు నచ్చనిది ఒక్కటే, సమానంగా పంచుకోవడం. 5 లక్షలు వస్తే తలా 50 వేలు. నాకు 80 వేలు కావాలి, ఇంకొకరికి 20 వేలు చాలు. ఆ మిగతా 30 వేలు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతాయి, కిస్తీ రోజున ఆమెకు టెన్షన్, మాకూ టెన్షన్. బ్యాంకు ఇలాగే పంచమని చెప్పలేదు. గొడవలెందుకని మేం పెట్టుకున్న అలవాటిది.

మధ్యలో డబ్బు అవసరమైతే ఇప్పుడు మా లాంటి సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి ఉంది. 2018లో ఓవర్‌లాక్ మిషన్‌కు అక్కడే తీసుకున్నాను. రెండు రోజుల్లో ఖాతాలో పడింది. 2010లోనే ఇది ఉంటే ఆ మంగళవారాలు నాకు ఉండేవి కావు.

ఈ ఏడాది లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. బ్యాంకు నుంచి సంఘానికి వచ్చే తర్వాతి అప్పు (లింకేజీ అప్పు) ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకు ఇవ్వాలని తీర్మానం రాశాం. ఇద్దరు ఇంకా సంతకం పెట్టలేదు. ఈ వారం వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలి.