మోకాళ్ల నొప్పులున్న అమ్మతోటి అండమాన్: ఏ పడవ ఎక్కొచ్చు, ఏది వద్దు

మొదలు అనుకున్నది థాయిలాండ్. క్రాబీల ఉండి రోజుకో దీవి తిరిగొద్దామని నేను, మా ఆవిడ రెండు నెలలు వీడియోలు చూసినం, హోటళ్లు కూడా సేవ్ చేసి పెట్టుకున్నం. అమ్మను కూడా తీస్కపోదాం అనుకున్న రోజు ఆ ప్లాన్ పక్కకు పోయింది, ఎందుకంటే అక్కడ లాంగ్‌టెయిల్ పడవ ఎక్కాలంటే చానా చోట్ల నీళ్లల్ల దిగి నడిచిపోయి చిన్న నిచ్చెన పట్టుకొని ఎక్కాలె. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మా దిక్కు నీళ్ల సంగతి తెలిసిందే కదా, అమ్మ చిన్నప్పటి సంది ఆ నీళ్లే తాగింది, ఫ్లోరైడ్ పోయి మోకాళ్లల్ల కూసున్నది. మెట్టు ఎక్కాలంటే రెండు కాళ్లు ఒక్క మెట్టు మీద పెట్టి, ఆగి, మళ్ల ఇంకో మెట్టు.

అందుకే అండమాన్. పాస్‌పోర్ట్ గోల లేదు, మనోళ్లకు పర్మిట్ కూడా అక్కర లేదు, ఆధార్ ఉంటే చాలు (నికోబార్ దిక్కు గిరిజన ప్రాంతాలకు మాత్రం పర్మిట్ కావాలె, టూరిస్టులు ఎట్లాగు అటు పోరు). వైజాగ్, చెన్నై, కోల్‌కతా నుంచి ఓడలు కూడా ఉన్నయి గాని రెండు మూడు రోజుల ప్రయాణం. శంషాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్‌ల రెండున్నర గంటలే. అమ్మకు తెలిసిన దీవి ఒక్కటే, నాగార్జునకొండ. పెళ్లైన కొత్తల మా నాయినతోటి సాగర్ కాడ లాంచీ ఎక్కి పోయిందంట. "గట్లాంటిదేనా బిడ్డా?" అని అడిగితే గట్లాంటిదే గాని నీళ్లు ఉప్పగ ఉంటయి అన్న.

పేర్లతోటి ఒక తికమక ఉన్నది, బుక్ చేసుకునేటోళ్లు చూసుకోవాలె. 2018ల హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అన్నరు, నీల్‌ను షహీద్ ద్వీప్, రాస్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. 2024ల పోర్ట్ బ్లెయిర్‌నే శ్రీ విజయపురం చేసిన్రు. కాగితం మీద కొత్త పేరు, మనుషుల నోట్ల పాత పేరు. మా ఆవిడ ఫెర్రీ టికెట్ చూసి "మనం హావ్‌లాక్ కదా పోయేది, ఈ స్వరాజ్ ఏంది" అని సగం రాత్రి నన్ను లేపింది.

హైదరాబాద్‌ల ఒక ట్రావెల్స్ ఆయన దగ్గర అడిగితే నాలుగు రాత్రుల ప్యాకేజీ చేతిల పెట్టిండు. దిగిన రోజే జైలు, తెల్లారి రాస్, నార్త్ బే, ఆ తెల్లారి బారాటాంగ్, తర్వాత హావ్‌లాక్ ఒక్క రాత్రి, నీల్‌ల రెండు గంటలు, అదే రోజు సాయంత్రం ఫ్లైట్! ఇది తిరుగుడా, పోటీనా? అమ్మ మోకాళ్ల గురించి చెప్తే "సీనియర్ సిటిజన్స్ అందరు చేస్తరు సార్" అన్నడు. నేను కూసొని బారాటాంగ్ తీసేసిన, హావ్‌లాక్‌ల రెండు రాత్రులు, నీల్‌ల ఒక రాత్రి ఉండేటట్లు పెట్టిన, ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌ల ఉంచిన. బారాటాంగ్ ఎందుకు తీసేసిన్నంటే తెల్లారకముందే లేచి జిర్కటాంగ్ చెక్‌పోస్ట్ కాడ కాన్వాయ్‌ల నిలవడాలె, ఆనుంచి జరావా తెగ వాళ్ల అడవిల నుంచి పోవాలె, తర్వాత పడవ, ఆ తర్వాత సున్నపురాయి గుహల దాకా నడక. ఇంకొకటి, ఆ దారిల బండి ఆపొద్దు, ఫోటో తీయొద్దు అని రూల్ ఉన్నా కొందరు ఆ మనుషులను చూసేటందుకే పోతరు, అది నాకు నచ్చలే.

ఫిబ్రవరిల పోయినం. రాత్రి రెండింటికే కార్ల బయలుదేరి రింగ్ రోడ్ పట్టుకొని శంషాబాద్. సకినాలు, మామిడి తొక్కు డబ్బా చెక్-ఇన్ బ్యాగుల పెట్టినం, ఊరగాయ హ్యాండ్ బ్యాగుల పెడితే నూనె అని సెక్యూరిటీ కాడ ఆపుతరు.

పోర్ట్ బ్లెయిర్‌ల మాకు దొరికిన డ్రైవర్ తెలుగాయన. ఆయన ఫోన్ల మాట్లాడుతుంటే అమ్మ చెవులు నిక్కబొడిచింది. "మీది ఏ ఊరు బిడ్డా?" "మాది సిక్కోలండమ్మా, మా తాత అప్పుడొచ్చారు. నేను పుట్టింది ఇక్కడే." ఇంగ అంతే, ఎయిర్‌పోర్ట్ కాడికెళ్లి హోటల్ దాకా నేను, మా ఆవిడ లేనట్టే. పోర్ట్ బ్లెయిర్‌ల తెలుగోళ్లు చానా మంది ఉన్నరు, ఎక్కువ ఉత్తరాంధ్ర వాళ్లు. మునిసిపాలిటీల తెలుగుదేశం కౌన్సిలర్లు కూడా గెలిచిన్రని ఆయన చెప్తే మా అమ్మ నవ్వు ఆపలే.

సెల్యులార్ జైలు చూడాలె, అందుల రెండో మాట లేదు. 1906ల కట్టుడు పూర్తయింది, అప్పుడు ఏడు రెక్కలు, ఇప్పుడు మిగిలినయి మూడే. అమ్మ కింద అంతస్తు వరకే తిరిగింది. ఒక సెల్ తలుపు కాడ నిలబడి గొళ్లెం దిక్కు చూసింది: గొళ్లెం కొస తలుపు పక్క గోడల ఎంతో దూరంగ ఉంటది, లోపలి మనిషి ఊచలల్లకెళ్లి ఎంత చెయ్యి చాపినా అందకుండ. అమ్మ నిజంగనే లోపలికి పోయి చెయ్యి బయటకు చాపి చూసింది. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో కూడా మంచిగుంది, కుర్చీలు ఉంటయి.

రాస్, నార్త్ బే పడవలు అబర్డీన్ జెట్టీ కాడ ఎక్కుతరు. నా లెక్కల ట్రిప్ మొత్తంల కష్టమైన ఎక్కుడు ఇదే. పడవ అలకు లేస్తది, పడ్తది, అది లేచినప్పుడు కాలు పెట్టాలె, ఇద్దరు పిల్లగాళ్లు చెరో రెక్క పట్టుకొని "అబ్ అబ్ అబ్" అని ఎక్కించిన్రు. రాస్‌ల మాత్రం బ్యాటరీ బండ్లు ఉన్నయి, టికెట్ కొనుక్కుంటే పైదాకా తిప్పుతరు, బ్రిటిషోళ్ల చర్చి గోడలను మర్రి వేర్లు నిలువున మింగినయి, జింకలు మనుషుల చేతుల్లకెళ్లి తింటయి. నార్త్ బే మీద నాకు మనసు రాలే, పాత 20 రూపాయల నోటు వెనక బొమ్మ ఆ దిక్కుదే అని చూపిస్తరు, అంతవరకు బాగుంది, దిగినంక మొత్తం వాటర్ స్పోర్ట్స్ వాళ్ల గుంజులాట. పెద్దోళ్లున్నోళ్లు రాస్ ఒక్కటే చేసి వెనక్కు రండి.

హావ్‌లాక్‌కు ప్రైవేట్ ఫెర్రీల పోయినం, మనిషికి 1,500 పైనే. సర్కారు ఫెర్రీ చానా తక్కువ గాని ఆ టికెట్లు దొరకవు, స్థానికులకు ముందు ఇస్తరు, అది న్యాయమే, వాళ్లకు బస్సు లాంటిది కదా. ప్రైవేట్‌దాంట్ల ఏసీ, మెత్త సీట్లు, గాని మేం ఎక్కినదాంట్ల బయటికి పోనియ్యలే, అద్దంలకెళ్లి సముద్రం చూసుడే. ఎక్కే కాడ వంతెన లాగ వేస్తరు, అమ్మకు కష్టం కాలే. వాంతి గోళి అరగంట ముందే వేసుకోండి, కింది డెక్ నడిమి సీట్లు అడుగుండి, అక్కడ ఊగుడు తక్కువ. మా కొడుకు ముందల సీటే కావాలన్నడు, ఇరవై నిమిషాలకు కవర్ అడిగిండు.

హావ్‌లాక్‌ల రూం కాడ నాకు మస్తు కోపమొచ్చింది. "సీ వ్యూ కాటేజ్, మెట్లు లేవు" అని ట్రావెల్స్ ఆయన ఫోన్ల ఒట్టు పెట్టినట్టే చెప్పిండు. పోయి చూస్తే కట్టెల స్తంభాల మీద కట్టిన కాటేజ్, ఏడు మెట్లు, పక్కకు పట్టుకునేటందుకు కర్ర కూడా లేదు. రిసెప్షన్ల పిల్ల మంచిది, నేల మీది రూం ఒకటి ఖాళీ ఉందని ఇచ్చింది, కిటికీ తెరిస్తే జనరేటర్. రెండు రాత్రులు ఆ బుర్రుమనే చప్పుడు. అమ్మ "బాయి కాడ మోటర్ తీరుగుంది, నిద్ర మంచిగ పడుతది" అన్నది, నాకైతే పట్టలే. హోటల్ వాళ్లకే నేరుగా ఫోన్ చేసి రూంకు ఎన్ని మెట్లు, బాత్‌రూంకు గడప ఎంత ఎత్తు అని అడగండి, సిగ్గుపడకండి.

ఇంకొకటి, మేం ఉన్నది 5వ నంబర్ బీచ్ దిక్కు. అక్కడ ఆటు ఉన్నప్పుడు నీళ్లు ఎంతో దూరం పోయి రాళ్లు తేల్తయి, స్నానానికి పనికిరాదు. స్నానానికి రాధానగర్, 7వ నంబర్. 2004ల టైమ్ మ్యాగజైన్ ఆసియాల బెస్ట్ బీచ్ అన్నది దీన్నే. తెల్ల ఇసుక, లోతు ఒక్కసారి రాదు, అమ్మ మోకాళ్ల దాకా దిగి నిలబడ్డది, చీర కుచ్చిళ్లు ఒక చేతిల, నా మెడ ఇంకో చేతిల. మొసలి బోర్డు చూసి నవ్వకండి. 2010ల ఈ దిక్కునే స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికా అమ్మాయిని మొసలి లాక్కపోయింది, లైఫ్‌గార్డ్ విజిల్ వేస్తే బయటకు రావాల్సిందే. పొద్దు కూడా తొందరగ గూకుతది, మనం ఇంటికాడ ఛాయ తాగే టైంకు, ఐదున్నరకే. నాలుగింటికే అక్కడుండాలె.

మావోనికి పదమూడేండ్లు, వాడు, నేను స్కూబా చేసినం. ఈత రాకున్నా చేయిస్తరు, ముందు లోతు తక్కువున్న కాడ నేర్పిస్తరు. ప్యాకేజీ వాళ్లు దీన్ని ఆఖరి రోజు పెడుతున్నరు, అది తప్పు, స్కూబా చేసినంక విమానం ఎక్కేటందుకు 18 నుంచి 24 గంటలు ఆగాలె. ఎలిఫెంట్ బీచ్ వదిలేసినం, అక్కడ పడవ దిగుడు మళ్ల నీళ్లల్లనే అని డ్రైవర్ చెప్పిండు.

నీల్ చిన్నది, జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్, ఆటో మాట్లాడుకుంటే సగం రోజుల అన్నీ అయిపోతయి, అందుకే అందరు రెండు గంటలు ఆగి పోతరు. నేనైతే హావ్‌లాక్‌ల ఒక రాత్రి తగ్గించి నీల్‌ల రెండు ఉండమంట. రోడ్డు పక్కకు బీరపాదులు, సొరపాదులు, వంకాయ, అండమాన్ కూరగాయలు చానా వరకు ఈడనే పండుతయంట, సాగుచేసేది బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డోళ్లు. అమ్మ ఆటో ఆపించి ఒక ముసలామెతోటి బీరపాదు గురించి మాట్లాడింది, ఆమె బెంగాలీ, ఈమె తెలుగు, పది నిమిషాలు!

నేచురల్ బ్రిడ్జికి అమ్మ రాలే, దిగుడు ఉన్నది, కింద అన్నీ పాకుడు పట్టిన పగడపు రాళ్లు. పైన కొబ్బరిబోండాల కాడ కూసోబెట్టి నేను, మావోడు పోయినం. ఇది ఆటు టైంకే పోవాలె, పోటు ఉంటే దారే ఉండది, ముందురోజే హోటల్ల టైం అడుగుండి. గైడ్ పిల్లగాడు ఒక గుంత కాడ కూసొని నీళ్లల్ల వేలు పెట్టి చూపించిండు, నల్లగ జానెడు పొడుగు, దోసకాయ తీరుగ ఉన్న జీవి, అది మెల్లగ ఇసుక తింటుంది, వెనకకెళ్లి అదే ఇసుక ఉండలు ఉండలుగ పోతుంది. మావోడు అరగంట అక్కడే.

తిరుగు ఫెర్రీ మూడు గంటలు ఆలస్యం. ఎందుకని అడిగితే ఒకరు గాలి అంటరు, ఒకరు ఇంజన్ అంటరు. జెట్టీల ఒక గుంటూరు జంట ఫోన్ల మీద ఫోన్లు కొడుతున్నరు, వాళ్ల ఫ్లైట్ ఆ సాయంత్రమేనంట. మాది తెల్లారి. మేం సకినాలు తీసి వాళ్లకు కూడా పెట్టినం, తిన్నరు గాని ఆమె కండ్లు గడియారం మీదనే.

ఖర్చు నలుగురికి లక్షా యాభై వేలు దాటింది, సగం దగ్గర దగ్గర విమానం, ఫెర్రీలకే.

ఎయిర్‌పోర్ట్‌ల స్కానర్ కాడ మావోని జేబుల పగడపు ముక్క దొరికింది, గవ్వలు, పగడాలు తేవద్దని వానికి నాలుగుసార్లు చెప్పిన. వాడు తీసి ట్రేల పెట్టిండు. మిగిలిన తొక్కు డబ్బా మాత్రం అమ్మ అప్పటికే డ్రైవర్‌కు ఇచ్చేసింది. ఆయన మూత తీసి వాసన చూసి, "ఇది మా ఆవిడకి చూపించకుండా నేనే తింటానమ్మా" అన్నడు.