ఆగి ఉన్న డాలీని మ్యాపులో ఉంచాలా, చెరిపేయాలా: ఏది మేలు?

విమానాలు నిలిపే ఏప్రాన్ మీద చాలా వస్తువులకు స్థిరమైన చోటు ఉండదు. సామాను డాలీల (ట్రాక్టరు లాగే చక్రాల బండ్ల) వరుస, మెట్ల బండి, ఆగిన విమానానికి కరెంటు ఇచ్చే గ్రౌండ్ పవర్ యూనిట్, చివరికి విమానం కూడా కాసేపు నిలిచి వెళ్లిపోయేవే. కదులుతున్న వస్తువుతో డ్రైవర్ లేని ట్రాక్టరుకు పెద్ద చిక్కు లేదు. లేజర్ కిరణాలతో చుట్టూ దూరాలు కొలిచే లైడార్ తీసిన వరుస స్కాన్‌లను పోల్చితే దాని వేగం తెలిసిపోతుంది, వాహనం దారి చూసుకునే మ్యాపులోకి దాన్ని రానివ్వకుండా ఆపవచ్చు. చిక్కంతా ఆగి ఉన్న వాటితోనే. మ్యాపు తయారుచేసిన పూట కదలకుండా నిలబడిన డాలీ లైడార్ దృష్టిలో గోడే. మరి దాన్ని ఉంచాలా, చెరిపేయాలా, కొంతకాలం గుర్తుంచుకోవాలా, లేక విమానాల షెడ్యూలును అడగాలా?

ఉన్నది ఉన్నట్టు ఉంచేయడం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ప్రమాదకరం. ఇలా ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవచ్చు. ఏప్రాన్ విశాలమైన చదును నేల, టెర్మినల్ గోడ దూరంగా ఉంటుంది. తన చోటు పోల్చుకోవడానికి వాహనానికి ఆనవాళ్లు తక్కువ, డాలీలు ఆ లోటు తీరుస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ మ్యాపులో ఒకే రకం డాలీలు ఆరు వరుసగా ఉన్నాయనుకోండి. ఈరోజు ఆ వరుస ఒక డాలీ పొడవంత ముందుకు జరిగి నిలబడింది. స్కాన్‌ను మ్యాపుతో సరిపోల్చే ప్రోగ్రాము ఆరింటినీ ఆరింటి మీద చక్కగా కూర్చోబెడుతుంది. సరిపోలిక బ్రహ్మాండంగా ఉంటుంది, వాహనం మాత్రం తాను ఉన్న చోటుకు ఒక డాలీ పొడవు అవతల ఉన్నానని నమ్ముతుంది. పొరపాటు జరిగిందన్న అనుమానం కూడా రాకపోవడమే ఇందులో భయపెట్టే విషయం.

రెండో దారి పూర్తిగా చెరిపేయడం. భవనాలు, దీపస్తంభాలు, కంచెలు, నేల మీది గీతలు తప్ప మ్యాపులో మరేమీ ఉండదు. మ్యాపులోని తాత్కాలిక వస్తువులను తొలగించడానికి 2020లో వచ్చిన రిమూవర్ట్, 2021లో వచ్చిన ఎరేజర్ వంటి పద్ధతులు ఉన్నాయి. ఒక స్కాన్‌లో కనిపించి మరో స్కాన్‌లో ఖాళీ అయిన చోటును అవి పట్టుకుంటాయి. అందుకే మ్యాపింగ్ జరిగినంతసేపూ కదలని డాలీ వాటికి చిక్కదు. వేర్వేరు వేళల్లో, స్టాండులు (ఒక్కో విమానం నిలిపే చోట్లు) నిండినప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తీసిన స్కాన్‌లను పోల్చి చూడాల్సిందే. ఏరోబ్రిడ్జి విషయంలో చాలామంది తడబడతారు. టెర్మినల్‌ను ఆనుకున్న భాగం కదలదు, విమానాన్ని తాకే కొస రోజూ అటూ ఇటూ తిరుగుతుంది. మొత్తాన్ని భవనంగా లెక్కిస్తే తప్పు, మొత్తాన్ని చెరిపినా తప్పు. దాన్ని రెండుగా విడదీయాలి.

చెరిపేస్తే ఆనవాళ్లు తగ్గుతాయి, నిజమే. ఆరుబయట ఆ లోటును ఉపగ్రహ స్థాన నిర్ధారణ తీరుస్తుంది. కప్పు కింద సామాను హాలులో ఆ సంకేతం అందదు కానీ, అక్కడ స్తంభాలు కావలసినన్ని. రెండూ బలహీనపడేది స్టాండు దగ్గరే. విమానపు లోహమూ టెర్మినల్ గోడా సంకేతాన్ని ప్రతిఫలింపజేస్తాయి, విమానం గోడను కమ్మేస్తుంది. తన చోటు మీద నమ్మకం తగ్గినప్పుడు వాహనం నెమ్మదించడమో ఆగిపోవడమో చేయాలి. పాత డాలీలను ఆనవాళ్లుగా పట్టుకుని ధీమాగా వెళ్లడం కంటే అదే నయం.

మూడోది తాత్కాలిక పొర. మూల మ్యాపును ముట్టుకోకుండా, దానిపై మరో పొరలో ఆగి ఉన్న వస్తువులను రాసుకుని, అవి వెళ్లాక మరచిపోవడం. ఎంత త్వరగా మరచిపోవాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. చోటునంతా చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడి నిండి ఉందా ఖాళీయా అన్నదానికి మార్కులు వేసే పద్ధతి, 2013లో వెలువడిన ఆక్టోమ్యాప్‌ను చూడండి. లైడార్ కిరణం వస్తువును తాకిన ప్రతిసారీ ఆ గడి మార్కుకు సుమారు 0.85 కలుస్తుంది, గడిని దాటి వెళ్లిన ప్రతిసారీ సుమారు 0.4 తగ్గుతుంది. పైపరిమితి 3.5. సెకనుకు 10 స్కాన్‌లు తీసే లైడార్ ఒక నిమిషం చూసిన డాలీకి ఆ పరిమితే లేకపోతే, అది వెళ్లిపోయాక గడి ఖాళీ కావడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. పరిమితి ఉంటే 9 స్కాన్‌లు, అంటే సెకను లోపే.

డాలీకి ఈ వేగం మంచిదే, టోబార్‌కు కాదు. విమానాన్ని ట్రాక్టరుకు తగిలించే కడ్డీ అయిన టోబార్ నేలబారుగా, సన్నగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే కిరణాలు దాని మీదుగా దాటిపోతాయి. ఎత్తును పట్టించుకోని సమతల మ్యాపులో అదంతా ఖాళీ కిందే జమ అవుతుంది, సెకను తిరగకుండానే ఉన్న అడ్డంకి చెరిగిపోతుంది. విమానం చక్రాలు కదలకుండా పెట్టే దిమ్మెలు, అంటే చాక్‌లదీ అదే కథ. కాబట్టి కనిపించకపోవడం వేరు, ఖాళీగా కనిపించడం వేరు. గడియారం చూసి చెరపకూడదు. పొట్టి, సన్నటి వస్తువులనైతే దగ్గరికి వచ్చి నేల కనిపించాకే చెరపాలి.

నాలుగోది షెడ్యూలు. ఏ స్టాండులో ఏ విమానం ఉందో, చాక్‌లు ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో విమానాశ్రయ వ్యవస్థలో నమోదవుతూనే ఉంటుంది. కింద బిగించిన లైడార్‌కు విమానం చక్రాలు, ఇంజన్లుగా మాత్రమే కనిపించవచ్చు. వచ్చినది రెక్కల కొసలు పైకి తిరిగిన ఎయిర్‌బస్ ఏ320 విమానం అని తెలిస్తే 35.8 మీటర్ల రెక్కల విస్తారం మొత్తాన్నీ ముందే గుర్తించి పెట్టుకోవచ్చు. అయితే స్టాండులు చివరి నిమిషంలో మారతాయి, నమోదు ఆలస్యమవుతుంది. అందుకే షెడ్యూలుకు అడ్డంకిని చేర్చే అధికారం ఇవ్వవచ్చు, తీసేసే అధికారం ఇవ్వకూడదు. తీసేయడం కంటితో చూశాకే.

నా మాట ఇది: 'ఉంచాలా, చెరపాలా' అని ఒకే ప్రశ్నగా అడగడంలోనే లోపం ఉంది. 'నేనెక్కడున్నాను' అన్న లెక్కలో ఆగి ఉన్న డాలీ హాని చేస్తుంది. 'ఎటు వెళ్లవచ్చు' అన్న లెక్కలో అది తప్పనిసరిగా ఉండాలి. మొదటి లెక్కకు శుభ్రం చేసిన మూల మ్యాపు ఒక్కటే వాడాలి, రెండోదానికి తాత్కాలిక పొర, దానికి తోడుగా షెడ్యూలు. తాత్కాలిక పొరలోని దేన్నీ, ఎన్నాళ్లు కదలకుండా ఉన్నా సరే, మనిషి చూసి ఒప్పుకోకుండా మూల మ్యాపులోకి ఎక్కించకూడదు.

ఇక మిగిలింది పరికరాలు నిలిపేందుకు గీతలు గీసిన చోటు. అక్కడ ఎప్పుడూ డాలీలు ఉంటాయి, కానీ ఎప్పుడూ అవే డాలీలు కావు, అదే వరుసా కాదు. ఆ హద్దును మూల మ్యాపులోనే గీసి, లోపల పడే బిందువులను స్థాన నిర్ధారణకు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయండి. దారి ఎంచుకునేటప్పుడు మాత్రం, ఖాళీ అని చూసి నిర్ధారించుకునే వరకు ఆ చోటు నిండి ఉందనే భావించాలి.